కోరినవారు

అప్పుడు పోస్టుకార్డు 15 పైసలు. ఎనిమిదో తరగతిలో ఉండగా, ఘంటసాల పాట ఒకటి వేయమని రేడియో స్టేషనుకు కార్డు రాశాను. కింద నా పేరు, చెల్లి పేరు, పక్కింటి వాళ్ల నలుగురి పేర్లూ. పేర్లెక్కువుంటే పాట వేస్తారని మా వీధిలో నమ్మకం. మూడు వారాలు రేడియోకి చెవి అప్పగించి కూర్చున్నాక మా ఊరి పేరు వినపడింది. ఆరు పేర్లూ వరసగా చదివారు. పాట మాత్రం నేను కోరింది కాదు. నేను మొహం మాడ్చుకుంటే, వంటింట్లోంచి అమ్మ, "పేరొచ్చింది కదరా, పాటదేముంది!" అంది.

బహుశా జరిగింది ఇంతే అయ్యుంటుంది. అరగంటకు పట్టేవి ఆరో ఏడో పాటలు. రికార్డులు ముందే తీసిపెట్టుకుని, బస్తాడు కార్డుల్లోంచి దొరికిన పేర్లు వాటికి తగిలించి ఉంటారు. చిత్రమేమిటంటే, ఆ రోజు నా నెత్తిన పడ్డ పాటే ఇప్పుడు నాకు ప్రాణం. కోరిన పాట ఘంటసాలదని తప్ప ఇంకేమీ గుర్తు లేదు. మరి ఇందులో కోరినవాడు ఎవరు?

పాటలు ఎంచేవాళ్లు మన మంచికే అంటారు. 1952లో సమాచార, ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్‌కి సినిమా పాట గిట్టదు. శాస్త్రీయ సంగీతంతో దేశం చెవి బాగుచేద్దామనుకున్నాడు. ఆకాశవాణిలో సినిమా పాట కరువైంది. జనం వాదించలేదు, ముల్లు తిప్పి రేడియో సిలోన్ పెట్టుకున్నారు. చివరికి 1957 అక్టోబరు 3న ఆకాశవాణిలోనే సినిమా పాటలతో వివిధ భారతి వచ్చింది. జనం గెలిచారని చప్పట్లు కొట్టొచ్చు. నాకు చేతులు రావు. సభకి టిక్కెట్టు కొనలేని ఇళ్లలోకి కచేరీ వచ్చింది కూడా కేస్కర్ పట్టుదల వల్లే. మా నాన్న సంగీతం నేర్చుకున్నవాడు కాదు, తోడి రాగం మాత్రం ఇట్టే పట్టేసేవాడు. అది రేడియో పెట్టిన భిక్షే.

హార్మోనియం దగ్గరికొస్తే మాత్రం మనసు కలుక్కుమంటుంది. 1940లో దాన్ని ఆకాశవాణి నుంచి వెలివేశారు. కారణం గట్టిదే: మెట్టు నొక్కితే స్వరం ఉన్నచోటే నిలబడుతుంది, గమకం పలకదు. టాగూరూ వద్దన్నాడు. కానీ మన పద్యనాటకానికి హార్మోనిస్టు లేనిదే తెర లేవదు. నటుడు రాగం తీసి తీసి అలిసినప్పుడు ఊపిరి పీల్చుకునే జాగా ఇచ్చేది ఆ పెట్టే. తిత్తి ఆడిస్తూ బతుకు వెళ్లదీసినవాడు రచ్చబండ దగ్గర రేడియో వింటూ ఏమనుకునేవాడో! దాదాపు మూడు దశాబ్దాలు ఆ వెలి సాగింది. శాస్త్రం ప్రకారం ఒప్పయినది మనిషి పట్ల ఒప్పేనా?

ఇప్పుడు అంత పట్టింపులున్న పెద్దమనుషులు లేరు. పాటలోంచి పది సెకన్ల ముక్క ఫోన్లో వినిపించి, తెలుసా, నచ్చిందా, విసుగొచ్చిందా అని శ్రోతనే అడిగే పద్ధతి ఎఫ్ఎం వ్యాపారంలో ఉంది. ఆ లెక్కలతో కంప్యూటర్ జాబితా కడుతుంది. మర్యాదగానే ఉంది, అడిగి మరీ వేస్తున్నారు. అయితే ఆ ముక్కలో తెలిసిన పాటే నెగ్గుతుంది.

ఆ సాయంత్రం నాకు అలా ఎవరైనా ఫోన్ చేసి అడిగి ఉంటే, ఆ పాట అస్సలు నచ్చలేదని ఖాయంగా చెప్పేవాణ్ణి.