గోలీ విద్యకు వారసులెవరు?

పీటర్ తంగరాజ్ అనే పేరు ఇవాళ నంద్యాల, ఆళ్లగడ్డ మైదానాల్లో బంతి తన్నే కుర్రాళ్లలో ఎంతమందికి తెలుసు? హైదరాబాదులోనే తెలిసినవాళ్లు తక్కువ కాబట్టి, ఇక్కడి పిల్లలను తప్పుపట్టలేం. 1930ల నడుమ హైదరాబాదులో పుట్టి, సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆడి, 1953లో సైన్యంలో చేరిన గోల్‌కీపర్ ఆయన. 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. 1958లో ఆసియాలోనే మేటి గోల్‌కీపర్ అనిపించుకున్నాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో మన జట్టు స్వర్ణం గెలిచిన ఫైనల్లో గోల్ కాచింది ఆయనే. 1967లో అర్జున అవార్డు వచ్చింది. ఆడటం మానేశాక కోచ్ అయ్యాడు. బొకారో ఉక్కు కర్మాగారంలో చాలాకాలం ఆట నేర్పి, 2008లో ఆ ఊళ్లోనే కన్నుమూశాడు. హైదరాబాదులో మొలకెత్తిన విద్య ఎక్కడో జార్ఖండ్‌లో పంచబడింది. దీన్ని ఒక మనిషి బతుకుదెరువు కథగా చెప్పుకొని ఊరుకోవచ్చు. కానీ ఇందులో మనందరికీ పనికొచ్చే ప్రశ్న ఒకటుందని నాకు అనిపిస్తుంది. ఒక విద్య ఒక చోట ఎందుకు నిలుస్తుంది, ఇంకో చోట ఎందుకు నిలవదు? గొప్పవాళ్లు పుట్టినంత మాత్రాన అది నిలవదనీ, నేర్పేవాడికి ఆ ఊళ్లోనే కూడూ చోటూ దొరికినప్పుడే నిలుస్తుందనీ నా వాదన.

ఈ వాదనకు గోలీని, అంటే గోల్‌కీపర్‌ను, మించిన సాక్షి లేడు. మిగతా పదిమంది ఆట గల్లీలో కొంత, బడి మైదానంలో కొంత, పెద్దవాళ్లను చూసి కొంత అబ్బుతుంది. గోలీ ఆట అలా అబ్బదు. ఏడున్నర మీటర్లకు కాస్త తక్కువ వెడల్పు, దాదాపు రెండున్నర మీటర్ల ఎత్తు ఉన్న చట్రాన్ని ఒక్క మనిషి ఒంటితో కప్పలేడు. అందుకని అతను ముందుకొచ్చి కోణం మూయడం నేర్చుకోవాలి. ఎంత ముందుకు రావాలి, ఎప్పుడు ఆగాలి, గాల్లోకి లేచిన బంతిని పట్టాలా పిడికిలితో కొట్టాలా అన్నది క్షణంలో తేలాలి. పెనాల్టీ బంతి గోల్‌లోకి చేరడానికి అరసెకను కూడా పట్టదు కాబట్టి ఆలోచించి దూకడమన్నది కుదరదు, దూకుడులోనే ఆలోచన కలిసిపోయి ఉండాలి. అది ఒంటికి పట్టాలంటే ఎదురుగా ఒకడు నిలబడి వేలసార్లు బంతి తన్నాలి, తన్నిన ప్రతిసారీ తప్పు చెప్పాలి. తంగరాజ్ సైన్యంలో చేరిన కొత్తలో సెంటర్ ఫార్వర్డ్. గోల్‌కీపర్‌గా మారింది అక్కడే. ఆయన ఆరడుగులు దాటిన మనిషి, ఆ ఒడ్డూ పొడవూ పుట్టుకతో వచ్చినవి. ఆ పొడవుకు సరైన చోటు గోల్ ముందు అని తేల్చింది మాత్రం రెజిమెంట్. ఆయన ఆడిన మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ 1955లోనూ 1958లోనూ డ్యూరాండ్ కప్ గెలిచింది. జీతమూ మైదానమూ సాధన చేయించే పైవాళ్లూ ఒకే కంచె లోపల ఉండబట్టే ఆ మార్పు సాధ్యమైంది.

ఆ కాలపు హైదరాబాదులోనూ అలాంటి ఏర్పాటు ఒకటుండేది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ బడిపంతులు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి, సిటీ పోలీస్ జట్టుకు శిక్షకుడు, 1950 మొదలు దేశానికి కోచ్. ఆయన చేతికింద హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. డ్రిబ్లింగ్ చేయకూడదనే నిబంధనతో ఒక పోటీ, అలవాటు లేని కాలితోనే తన్నాలనే నిబంధనతో ఇంకో పోటీ పెట్టి పాఠం చెప్పాడు. అజీజ్, నూర్ ముహమ్మద్, జుల్ఫికరుద్దీన్, అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం దేశానికి ఆడింది ఈ నీడలోనే. జకార్తా ఫైనల్లో కొరియా ఆటగాళ్ల ఎత్తు బంతులను తట్టుకోవడానికి అప్పటిదాకా ఆడిన ప్రద్యుత్ బర్మన్‌ను పక్కన పెట్టి పొడగరి తంగరాజ్‌ను గోల్‌లో నిలబెట్టింది రహీమే. మనవాళ్లు 2-1తో గెలిచారు. మరుసటి ఏడాది జూన్‌లో రహీమ్ క్యాన్సర్‌తో పోయాడు. ఆయన పాఠం కొన్నాళ్లు నడిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలవడం ఆ ఊపులోనిదే. తర్వాత మన రాష్ట్రానికి మళ్లీ ఆ ట్రోఫీ దక్కలేదు.

దీనికి చాలామంది చెప్పే కారణం క్రికెట్. 1983 ప్రపంచ కప్, ఆ వెనకే టీవీ, అంతటితో ఫుట్‌బాల్ పని అయిపోయిందంటారు. ఇందులో కొంత నిజముంది, కానీ ఇది పూర్తి కారణం కాదు. కేరళలోనూ బెంగాల్‌లోనూ అదే టీవీ, అదే క్రికెట్. అక్కడ ఫుట్‌బాల్ చావలేదు, ఎందుకంటే క్లబ్బులూ ఆటగాళ్లకు కొలువిచ్చే సంస్థలూ మిగిలాయి. పైగా కాలం లెక్క కూడా కుదరదు. తెలుగునాట ఫుట్‌బాల్ 1983 కన్నా చాలాముందే నీరసించింది. జనాదరణ తగ్గితే స్టేడియంలో చప్పట్లు తగ్గుతాయి, గోల్ వెనక నిలబడి పిల్లవాడి మోచేయి ఎక్కడుండాలో చెప్పే మనిషి మాయం కానక్కర్లేదు. ఆయన మాయమైతే దానికి వేరే కారణం వెతకాలి.

ఆ కారణం దొరకడానికి మన నంద్యాల జిల్లానే చూడొచ్చు. ఆళ్లగడ్డలో రాతి శిల్పం తరాల తరబడి నడుస్తోంది. దేవుళ్లూ, నాయకులూ, ధ్వజస్తంభాలూ అక్కడి షెడ్ల నుంచి ఊరూరికీ పోతాయి. గొప్ప శిల్పి ఒకడు పుట్టడం వల్లే అది నిలిచిందనుకుంటే పొరపాటు. పెద్దవాడు రోజుకూలి సంపాదించే చోటే కుర్రవాడు ఉలి పట్టడం నేర్చుకుంటాడు. నేర్పడం వేరే పని కాదు, అదే బతుకుదెరువులో భాగం. నంద్యాలది ఇంకో దారి. అక్కడి వ్యవసాయ పరిశోధన స్థానం 1906 నుంచి ఉంది. నరసింహ పత్తి, సూర్యనంది కొర్ర అక్కడ పుట్టిన వంగడాలే. శాస్త్రవేత్తలు బదిలీ అవుతారు, రిటైరవుతారు. కుర్చీ మాత్రం ఉంటుంది, విత్తనపు పుస్తకం ఉంటుంది, మడి ఉంటుంది. ఒకడు వదిలిన చోట ఇంకొకడు అందుకుంటాడు. ఒకటి ఇంటి పద్ధతి, ఇంకొకటి సర్కారు పద్ధతి. రెండింటిలోనూ నేర్పేవాడికి రేపటి గురించి బెంగ లేదు. మన ఫుట్‌బాల్‌కు ఈ రెండూ లేకపోయాయి. అది రహీమ్ అనే ఒక్క మనిషి భుజం మీద నిలబడింది, ఆ భుజం ఒరిగాక మోసే కుర్చీ లేదు.

ఇక్కడ ఇంకో అభ్యంతరం వస్తుంది. గోల్‌కీపర్ ఎప్పుడూ ఒంటరి, అతని సాధన వేరు, జట్టును నడిపించే చూపు అతనికి ఎక్కడిది, కాబట్టి తంగరాజ్ లాంటివాడికి కోచ్ పదవి ఇవ్వనంత మాత్రాన హైదరాబాద్ పోగొట్టుకున్నదేమిటి అని. చరిత్ర దీన్ని ఒప్పుకోదు. స్పెయిన్‌లో రికార్దో జమోరా మేటి గోలీ. కోచ్‌గా అట్లెటికో జట్టుకు 1940లోనూ 1941లోనూ లీగ్ గెలిపించాడు. నలభై ఏళ్ల వయసులో 1982 ప్రపంచ కప్ ఎత్తిన ఇటలీ కెప్టెన్ డీనో జోఫ్, 2000లో తన దేశాన్ని యూరో ఫైనల్ దాకా తెచ్చిన కోచ్. రొమేనియా గోలీ బొగ్దాన్ స్తేలియా 1994 ప్రపంచ కప్‌లో స్విట్జర్లాండ్ చేతిలో 1-4తో ఓడిన ఆట తర్వాత చోటు కోల్పోయాడు. నాలుగేళ్లకు అదే దేశానికి మొదటి గోలీగా తిరిగొచ్చి, ఆడటం మానేశాక కోచ్ అయ్యాడు. అందరి ముందూ తప్పు చేసి, ఆ తప్పుతోనే మర్నాడు మళ్లీ గోల్ ముందు నిలబడటం నేర్చినవాడు పిల్లలకు చెప్పగలిగినది తక్కువా? అదే దేశంలో హెల్ముత్ డుకాడం 1986లో బార్సిలోనా మీద నాలుగు పెనాల్టీలు ఆపి యూరప్ కప్ తెచ్చాడు. ఆ వెంటనే చేతికి వచ్చిన జబ్బు ఆయన ఆటను దాదాపు ఆపేసింది. ఆ రాత్రి చరిత్రలో ఉంది. కానీ ఒక రాత్రి ఎంత గొప్పదైనా దానంతట అది ఇంకో గోలీని తయారు చేయదు. పైగా మైదానం మొత్తం కళ్లెదుట పరుచుకుని కనబడేది జట్టులో గోలీ ఒక్కడికే. వెనకనుంచి అరిచి తన రక్షణ వరసను సర్దేవాడికి ఆట పొందిక తెలియదనడం అన్యాయం.

మరి బొకారోలో తంగరాజ్ నేర్పిన పిల్లల్లో ఇంకో తంగరాజ్ పుట్టాడా అని అడగొచ్చు. ఈ ప్రశ్న పదునైనదే. పుట్టలేదనే అనుకుందాం. కోచ్ పనిని చాంపియన్ల లెక్కతో తూచడం గోలీని ఆపిన బంతుల లెక్కతో తూచడం లాంటి తప్పే. గోలీ సరైన చోట నిలబడితే ఫార్వర్డ్ తన్నకుండానే బంతి పక్కకిస్తాడు. ఆ ఆపడం ఏ లెక్కల పుస్తకంలోకీ ఎక్కదు. నేర్పేవాడు ఉన్న ఊళ్లో పదిమంది మామూలు ఆటగాళ్లు తయారవుతారు, వాళ్లలో ఇద్దరు ఇంకొకరికి నేర్పుతారు, ఎప్పుడో ఒకడు పైకొస్తాడు. ఆ ఒక్కడి కోసం ముందుగా పదిమంది ఉండాలి. దీనికి ఎదురు సాక్ష్యం మన కళ్లెదుటే ఉంది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఐఎస్‌ఎల్ గెలిచింది. ఫైనల్ షూటౌట్‌లో మూడు పెనాల్టీలు ఆపిన లక్ష్మీకాంత్ కట్టిమణి గోవావాడు. 2025లో ఆ జట్టు పేరు మార్చుకుని ఢిల్లీకి పోయింది. కప్పు వచ్చింది, పోయింది. ఊళ్లో మిగలాల్సిన విద్య మిగల్లేదు, ఎందుకంటే అది ఇక్కడ పాతుకోలేదు.

రహీమ్ మీద 2024లో హిందీలో ‘మైదాన్’ సినిమా వచ్చింది, అది మంచిదే. విగ్రహం పెడతామంటే ఆళ్లగడ్డలో చెక్కించుకోవచ్చు, అదీ మంచిదే. కానీ తలచుకోవడం ఒక పని, కొనసాగించడం వేరే పని. మనం మొదటిది చేసి రెండోది చేశామనుకుంటాం. ఒక జిల్లా ఆట మీద పెట్టే డబ్బులో పెద్ద వాటా ఎక్కడికి పోతోంది, స్టేడియం గోడలకా, గెలిచినవాళ్ల నజరానాలకా, నేర్పేవాళ్ల జీతాలకా అన్నది అడగాల్సిన ప్రశ్న. నజరానా గెలిచాక వస్తుంది, జీతం గెలవకముందే ఇవ్వాలి. అందుకే మొదటిది సులువు, రెండోది కష్టం. జిల్లా స్థాయిలో గోల్‌కీపర్లకే ఒక కోచ్ ఎందుకు, ఉన్న పీఈటీలకే దిక్కులేదు అనేవాళ్ల బాధ నిజమైనదే. ఒక జిల్లా భరించలేకపోతే నాలుగు జిల్లాలు కలిసి ఒకణ్ణి పెట్టుకోవచ్చు. అది అసాధ్యమైన ఖర్చు కాదు, మనకు అలవాటు లేని ఖర్చు. తంగరాజ్‌కు బొకారో ఇచ్చింది పెద్ద బిరుదేమీ కాదు, ఒక ఉద్యోగం, ఒక మైదానం. ఆ రెండూ సొంతగడ్డ మీద దొరికి ఉంటే తెలుగునాట గోలీల వరస తెగకుండా ఉండేదని ఖాయంగా చెప్పలేం. దొరకని చోట మాత్రం ఏ వరసా నిలవదని చెప్పడానికి మన యాభై ఏళ్ల ఫుట్‌బాలే చాలు.