పాత గిటార్ బేరం: కొనేవాడి ధర్మం ఏంటి?

పోయిన వీడియోలో తులాధారుడి కథ చెప్పుకున్నాం కదా. జాజలి అనే ముని కదలకుండా నిలబడి తపస్సు చేస్తుంటే ఆయన జడల్లో పిట్టలు గూడు కట్టాయి. గుడ్లు పెట్టి, పిల్లలై, అవి ఎగిరిపోయేదాకా ఆయన కదల్లేదు. ఇక నా అంత ధర్మాత్ముడు లేడు అనుకున్నాడు. అప్పుడే, కాశీలో సరుకులు అమ్ముకునే తులాధారుడికి నువ్వు సాటిరావు అని ఆకాశం నుంచి మాట వినిపించింది. శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకి చెప్పిన కథ ఇది. ఆ ఎపిసోడ్‌కి స్క్రిప్ట్ రాసింది నేనే. రాసిన వారానికే నా చేతిలో తక్కెడ ఎటు వంగుతుందో నాకు తెలిసొచ్చింది. వీడియోలో అది చెప్పలేదు. ఇక్కడ చెప్తున్నా.

మాది నల్లగొండ. ఉద్యోగం హైదరాబాద్‌లో. శనివారం రాత్రి మా ఫ్లాట్‌లో నలుగురైదుగురం కూర్చొని భజనలు పాడుకుంటాం. నా దగ్గర మామూలు గిటార్ ఉంది కానీ, డోలక్ అందుకున్నాక దాని చప్పుడు నాకే వినపడదు. ఒక ఎలక్ట్రిక్ గిటార్ కొందామని చాలా రోజుల నుంచి ఆశ. అమ్మకి చెప్తే, "భజనకు కరెంటు గిటార్ ఎందుకురా, హార్మోనియం పెట్టె చాలదా" అంది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గురించి చెప్పాను. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో మొదటి కచేరీ చేసినప్పుడు ఆయనకు తొమ్మిదేళ్లు. జంట తీగలుండే మాండలిన్‌ని ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ వాయిద్యంగా మార్చుకొని దాని మీదే కీర్తనలు పలికించాడు. అమ్మ మొత్తం విని, "ఆ పిల్లగాడు వేరు, నువ్వు వేరు" అంది. కరెక్టే.

కొత్తది, చేతికి నచ్చింది, 20,000 దాటుతోంది. అందుకని పాతవి వెతికాను. మహబూబ్‌నగర్‌లో ఒకటి కనపడింది, 7,000. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి, షాద్‌నగర్, జడ్చర్ల మీదుగా పోయాను.

అమ్మే ఆయన రిటైరైన టీచర్. గిటార్ వాళ్ళ అబ్బాయిది, అతను విదేశంలో సెటిలయ్యాడు. సార్ ఏమీ దాచలేదు. ఇది గుర్తుపెట్టుకోండి. "ఇది ఒకసారి మోగుతది, ఒకసారి మోగదు బిడ్డా. మెడకాడ పగిలినట్టున్నది. నాకేం తెల్వదు. మావోడున్నప్పుడు మంచిగనే ఉండె. నువ్వే చూస్కో. బాగలేకుంటే ఇంక తగ్గిస్త."

చూశాను. పాత గిటార్‌లో చూడాల్సినవి కొన్ని ఉంటాయి. ఫ్రెట్లు, అంటే వీణకు మెట్లలాంటివి, అరిగిపోయాయా? పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగను ఊరికే తాకి మీటితే వచ్చే స్వరం, నొక్కి మీటితే వచ్చే స్వరం ఒకటేనా? నాబ్ తిప్పితే గరగరమంటుందా? ఫ్రెట్లు బాగున్నాయి. మెడ దగ్గర పగులు అన్నది పగులు కాదు, పైన వార్నిష్ మీద సన్నటి గీత, లోపల కర్రకు ఏమీ కాలేదు. ఇక మోగకపోవడం. నాతో తెచ్చుకున్న చిన్న ఆంప్‌కి కలిపి, వైరు గుచ్చే జాక్‌ని కొంచెం కదిపితే సౌండ్ వచ్చింది, వదిలితే పోయింది. లోపల జాక్ దగ్గర సోల్డరింగ్ ఊడింది, అంతే. పది నిమిషాల పని. నాలుగేళ్ళు ఈసీఈ చదివి, ఆ చదువు నిజంగా పనికొచ్చిన మొదటి సందర్భం అదేనేమో.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. మెడ కొద్దిగా ముందుకు వంగింది, తీగలు పైకి లేచి ఉన్నాయి. మెడ లోపల ట్రస్ రాడ్ అని ఒక ఇనుప కడ్డీ ఉంటుంది, దాన్ని బిగిస్తే వంపు సరవుతుంది. దానికి సరిపోయే అల్లెన్ కీ నా దగ్గర లేదు. కడ్డీ బాగుండొచ్చు, పోయుండొచ్చు.

అంటే ఆ గదిలో రెండు రకాల లోపాలున్నాయి. ఒకటి ఎంత చిన్నదో నాకు తెలుసు, సార్‌కి తెలియదు. రెండోది ఇద్దరికీ తెలియదు. నేను చేసిందేంటంటే, జాక్‌ని రెండుసార్లు కదిపి, సౌండ్ పోయినప్పుడు తల అడ్డంగా ఊపి, "చ్..." అన్నాను. ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అబద్ధం చెప్పలేదు. సార్ మొహం చిన్నబోయింది. "5,000 ఇయ్యి బిడ్డా, ఇంట్ల పడి ఉన్నది" అన్నాడు. ఆలోచించి చెప్తానని వచ్చేశాను. మంచి కండిషన్‌లో ఉంటే ఆ గిటార్ 12,000కి తేలిగ్గా పోతుందని నాకు తెలుసు.

బస్సులో మొదట వచ్చింది సంతోషమే. నిజం చెప్పాలి కదా. జడ్చర్ల దాటాక ఆ "చ్" గుర్తొచ్చింది.

రూమ్మేట్‌కి చెప్తే వాడు గట్టిగానే వాదించాడు. "అన్నా, నీకు తెలిసిన సంగతి నీ ఆస్తి. ఊరికే రాలేదు కదా, చదువుకున్నవ్, ఏళ్ళ తరబడి వాయించినవ్. ఆయన రిపేర్ షాపుకి తీస్కపోతే తెలిసేది. పోలేదు. అది ఆయన ఇష్టం." ఈ వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. మా తాత ఎడ్లు కొనడానికి దేవరకద్ర సంతకు పోయేవాడు. పండ్లు చూసి వయసు చెప్పేవాడు, సుడులు చూసేవాడు, నాలుగడుగులు నడిపించి కాలు ఎలా వేస్తుందో చూసేవాడు. ఆ తెలివికి ఫలం ఉండొద్దా? ఉండాలి. కానీ తాత తెలివి ఎదుటివాడు దాచిన లోపం పట్టడానికి. కాడి కింద పడుకునే ఎద్దుని మంచిదని అంటగట్టేవాడి నుంచి కాపాడుకోవడానికి. నా ముందున్న మనిషి ఏదీ దాచలేదు, లేని లోపం కూడా ఉందని చెప్పాడు. కవచం వేసుకోవడం వేరు, దాంతోనే ఎదుటివాణ్ణి గుద్దడం వేరు.

చట్టం ఏమంటుందో కూడా చూశాను (ఇంజనీర్‌ని కదా, డాక్యుమెంటేషన్ చదవకుండా ఉండలేను). 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 17వ సెక్షన్‌లో మౌనం గురించి ఉంది. ఊరుకోవడం మాత్రమే మోసం కాదు అంటుంది. అందులో గుర్రం ఉదాహరణలున్నాయి. జబ్బు గుర్రాన్ని వేలంలో అమ్ముతూ ఏమీ చెప్పకపోతే అది మోసం కాదు. కొనేది అప్పుడే మేజరైన సొంత కూతురైతే మాత్రం చెప్పి తీరాలి. "నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటా" అని కొనేవాడు అన్నాక కూడా నోరు మెదపకపోతే, ఆ మౌనం మాట్లాడినట్టే లెక్క. ఇద్దరు వ్యాపారుల మధ్య అయితే, ధరలు మారతాయని ఒకడికి ముందే తెలిసినా రెండోవాడికి చెప్పక్కర్లేదు. ఈ చివరిది నాకు అనుకూలంగా ఉంది. కానీ సార్ వ్యాపారి కాదు. "నువ్వే చూస్కో బిడ్డా" అన్నాడు. ఆ మాటతో ఆయన నన్ను ఇంటి మనిషి లెక్కలోకి తీసుకున్నాడు. పాత గిటార్లు కొని అమ్మే షాపులో ఇదే జరిగుంటే నేను నోరు విప్పేవాణ్ణి కాదు, నిద్ర కూడా బాగానే పట్టేది. అది తప్పని ఇప్పటికీ అనుకోను.

అదీగాక, నాది ఒట్టి మౌనం కూడా కాదు. ఆ "చ్" ఒక వాక్యం. "ఇది పెద్ద రిపేరు" అని దాని అర్థం.

తులాధారుడి కథలో నేను స్క్రిప్ట్ రాసేటప్పుడు గమనించనిది ఒకటుంది. ఆయన అమ్మేటప్పుడు కల్తీ చేయడు, తూకం తప్పడు, ఇదే మనకు గుర్తుంటుంది. కానీ ఆయన ఇతరుల దగ్గర కొని, మళ్ళీ అమ్ముతాడు, కపటం లేకుండా. అంటే కొనేవాడు కూడా. తక్కెడ అనగానే మనకు కొట్లో కూర్చున్న సేటు గుర్తొస్తాడు, బయట నిలబడ్డ మనం కాదు.

ఊళ్ళో పెద్దవాళ్ళు ధర్మరాజు పేరు మీద ఒక కథ చెప్తుంటారు. పుస్తకంలో వెతకొద్దు, అది నోటి కథ. ఒకడు పొలం కొన్నాడు. నాగలికి లంకెబిందె తగిలింది. నేను కొన్నది పొలమే, ఇది నీది అని అమ్మినవాడి దగ్గరికి తీసుకుపోయాడు. పొలంతో పాటు అందులో ఉన్నదంతా అమ్మేశాను, నీదే అని వాడు. తీర్పు చెప్పడానికి కొన్నాళ్ళు గడువు పెట్టారు. ఆలోపు కలి ప్రవేశించింది. తిరిగొచ్చిన ఆ ఇద్దరే బిందె నాదంటే నాదని కొట్టుకున్నారు. ఆ ఇద్దరికీ బిందె సంగతి ముందు తెలియదు, గమనించండి. నాకు తెలుసు. నేను లంకెబిందె ఎక్కడుందో చూసుకొని పొలం బేరమాడుతున్నా.

బయటి దేశాల్లోనూ ఈ గొడవ ఉంది. రోమ్‌లో సిసిరో ధర్మాల గురించి రాసిన పుస్తకంలో స్కేవోలా అనే ఆయన సంగతి చెప్తాడు. ఒక పొలం కొనడానికి పోయి, ధర ఒకే మాట చెప్పమన్నాడు. అమ్మేవాడు చెప్పాడు. నా అంచనాలో అంతకంటే ఎక్కువే చేస్తుందని స్కేవోలా ఇంకో లక్ష నాణేలు కలిపి ఇచ్చాడట. అది మంచివాడి పని అని అందరూ ఒప్పుకుంటారు గానీ తెలివైనవాడి పని అని ఒప్పుకోరు అంటాడు సిసిరో. మా రూమ్మేట్ కూడా అచ్చం అదే అన్నాడు, తెలుగులో, ఇంకో మాటలో. ఇక్కడ రాయలేను.

నేను స్కేవోలా అంత వాణ్ణి కాదు. 12,000 ఇచ్చేయాలని అనిపించలేదు. ఇవ్వాల్సింది కూడా లేదనుకుంటా, ఎందుకంటే మెడ సంగతి అలాగే ఉంది. చివరికి నాకు తేలింది ఇంతే. నాకు తెలిసింది ఆయనకూ తెలియాలి. ఇద్దరికీ తెలియనిదాన్ని ధరలో కలుపుకోవాలి. నాకు తెలిసినదాన్ని తెలియనట్టు నటించి దానికి కూడా తగ్గింపు అడిగితే, అది బేరం కాదు.

తర్వాతి ఆదివారం సోల్డరింగ్ ఐరన్ పట్టుకొని మళ్ళీ పోయాను. వాళ్ళ హాల్లోనే జాక్ విప్పి, తీగ అతికించి, ఆంప్‌కి కలిపాను. మోగింది. లోపలి నుంచి అమ్మగారు కూడా వచ్చి నిలబడ్డారు. "సార్, పోయిన వారం నేను తల ఊపినప్పుడే నాకు ఇది తెలుసు" అన్నాను. ఇది చెప్పడం సోల్డరింగ్ కంటే కష్టమైంది. మెడ మీద గీత భయపడాల్సింది కాదని, ఇలాంటివి 12,000 దాకా పోతాయని, అయితే లోపలి కడ్డీ పోయుంటే మెడే మార్చాల్సి రావచ్చని, అది నాకూ తెలియదని చెప్పాను. అల్లెన్ కీ మళ్ళీ మర్చిపోయానా అంటే, లేదు, తెచ్చిన సైజు సరిపోలేదు.

సార్ కాసేపు ఏమనలేదు. కోపం వచ్చిందేమో అనుకున్నా. తర్వాత, "మరి నువ్వే చెప్పు ఎంతనో" అన్నాడు. ఇద్దరం కూర్చొని 9,000 అనుకున్నాం. నేను డబ్బులు పంపాక ఆయన లోపలికి పోయి 500 నోటు తెచ్చి, రిపేరు కూలి తీస్కో అన్నాడు. తీసుకున్నా. పని చేశాను కదా.

ఇంటికొచ్చాక సరైన కీ కొని తిప్పాను. ఊరికే తిరిగింది. ఎంత తిప్పినా మెడ కదల్లేదు. కడ్డీ పోయింది. రిపేరు చేసే అన్న చూసి, మెడ మార్చాల్సిందే, లేదంటే ఇట్లనే వాయించుకో అన్నాడు.

తిరిగి ఇచ్చేయొచ్చా? మనుస్మృతిలో కొన్నాక, అమ్మాక మనసు మారితే పది రోజుల్లోపు వెనక్కి ఇచ్చుకోవచ్చని ఉంది. నారదస్మృతి ఇంకా వివరంగా చెప్తుంది. పాడి ఆవును చూసుకోవడానికి మూడు రోజులు, బరువు మోసే పశువుకు ఐదు, విత్తనాలకు పది. కానీ అక్కడే ఇంకో మాట కూడా ఉంది. వాడిన బట్టను, మాసి నలిగినదాన్ని, ఆ స్థితిలోనే కొన్నవాడు దాన్ని అమ్మినవాడికి తిరిగి ఇవ్వలేడు. నా గిటార్ ఆ పాత బట్టే. తెలిసే కొన్నాను. నష్టమొచ్చిందని బాధ ఉంది, మోసపోయానని మాత్రం లేదు. ఈ రెండూ వేర్వేరని ఇంతకు ముందు నాకు ఇంత స్పష్టంగా తెలియదు.

తీగలు పైకి లేచి ఉన్నాయి కాబట్టి వేళ్ళతో నొక్కితే నొప్పి. అందుకని వేలికి గాజు గొట్టం తొడుక్కుని జార్చి వాయిస్తున్నా, చిత్రవీణ వాయించినట్టు. భజనల్లో గమకాలకు అదే బాగుందని మావాళ్ళు అంటున్నారు. వాళ్ళు నా ఫ్రెండ్స్, అలాగే అంటారు.

మొన్న సార్ ఫోన్ చేశాడు. "మావోడు అడుగుతున్నడు బిడ్డా, గిటార్ మంచిగ మోగుతున్నదా అని."

"మోగుతుంది సార్, మంచిగ మోగుతుంది" అన్నాను. అబద్ధం కాదు. కడ్డీ సంగతి చెప్పలేదు. చెప్తే ఆయన డబ్బులు వాపసు పంపుతాడని నాకు తెలుసు. నాకు తెలిసింది ఆయనకూ తెలియాలని ఇంత పొడుగున రాసిన నేనే ఈసారి ఊరుకున్నాను. ఇది ఏ లెక్కలోకి వస్తుందో ఇంకా తేల్చుకోలేదు.