ఐదోవాడి వంతు

శనివారం మా పావగడకు వచ్చేవాళ్ళందరికీ ఒకటే పని. తమ చేతిలో లేనిదాన్ని శని మహాత్మ స్వామి చేతిలో పెట్టి పోవడం. శ్రావణమాసంలో అయితే బస్సుల్లో నిలబడడానికి కూడా చోటుండదు. నువ్వుల నూనె దీపం వెలిగించి, ప్రదక్షిణలు చేసి, గుండెలో బరువు కాస్త దించుకుని వెళ్తారు. అలాంటి ఊళ్ళో కూర్చుని నేను హేమకుండం యాత్రకు టైంటేబుల్ రాస్తున్నాను.

హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి, రాయకుండా ఉండలేను. మాతో రాబోయే పక్కవీధి టైలరుకు మాత్రం ఇది గిట్టలేదు. "స్వామి పిలిస్తే పోతాం, పిలవకుంటే లేదు. దానికి ఇంత పట్టీ ఎందుకు మేష్ట్రే?" అన్నాడు. ఎగతాళిగా అన్న మాట కాదది. ఆయన శనివారం ఒంటిపొద్దు తప్పని మనిషి. అంతా దైవాధీనమైతే మనిషి వేసుకునే లెక్కకు విలువేమిటి? పాత ప్రశ్నే, అయినా ప్రతి ప్రయాణం ముందూ కొత్తగా ఎదురవుతుంది.

ముందు చోటు సంగతి. బదరీనాథ్ పోయే దారిలో గోవింద్‌ఘాట్ దగ్గర దిగాలి. పుల్నా దాకా జీపు, అక్కణ్ణుంచి ఘాంగరియా దాకా నడక, రాత్రికి అక్కడే బస. మర్నాడు ఆరు కిలోమీటర్ల బాటలో వెయ్యి మీటర్లకు పైగా ఎక్కితే, మంచుకొండల మధ్య నాలుగు వేల మీటర్లు దాటిన ఎత్తులో కొలను. ఒడ్డున గురుద్వారా, పక్కనే లక్ష్మణుడి గుడి. గురు గోవింద్ సింగ్ పూర్వజన్మలో అక్కడ తపస్సు చేశారని సిక్కులు నమ్ముతారు. లక్ష్మణుడు తపస్సు చేసింది అక్కడేనని మనవాళ్ళు నమ్ముతారు. నీళ్ళ కోసం తగువులాడే ప్రాంతం నుంచి పోతున్నాం కాబట్టి, ఒకే కొలను ఇద్దరికీ చాలడం నాకు ముచ్చటగా ఉంది. పైన రాత్రి ఉండనివ్వరు. ఎంతటి భక్తుడైనా పొద్దుగూకేలోగా కిందికి దిగాల్సిందే.

ఆ నియమమే నా లెక్కకు మూలం. అందుకే చివరి నుంచి మొదటికి రాసుకొచ్చాను. సెప్టెంబరులో ఆరున్నరకు చీకటి పడుతుంది. నాలుగున్నరకల్లా ఘాంగరియాలో ఉండాలి. మా మోకాళ్ళకు దిగడానికి మూడు గంటలు కావాలి, కాబట్టి ఒకటిన్నరకు పైనుంచి బయల్దేరాలి. స్నానానికీ దర్శనానికీ లంగరులో వేడి కిచిడీకీ గంట. ఎక్కడానికి ఆరు గంటలు, ఆయాసానికి మరో గంట. అంటే పొద్దున ఐదున్నరకు నడక మొదలు. పన్నెండున్నరకు ఎక్కడున్నా సరే, కొలను కనబడుతున్నా సరే, వెనక్కి తిరగాలి.

"కనబడుతున్నా తిరగాలా?" అని టైలరు బాధపడ్డాడు. అప్పుడు భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం తీశాను. ఏ పని జరగాలన్నా ఐదు కారణాలు కలవాలని కృష్ణుడు చెప్పాడు. అధిష్ఠానం, కర్త, కరణాలు, రకరకాల చేష్టలు, ఐదోది దైవం. అధిష్ఠానమంటే శరీరమని శంకరుల భాష్యం. మా శరీరాలు అరవై దాటినవి, ఆరువందల మీటర్ల పైచిలుకు ఎత్తున్న ఊళ్ళో బతికినవి. అంత పైన గాలిలో అందే ప్రాణవాయువు మైదానంలో దొరికేదానిలో ఇంచుమించు అరవై శాతమే. అందుకే ఆదివారాలు మా ఊరి కోట కొండ ఎక్కుతున్నాం, అందుకే ఘాంగరియాలో ఒక రాత్రి ఎక్కువ ఉంటున్నాం. కర్త అంటే నడిచే మనమే. కరణాలంటే బూట్లు, వానకోటు, చేతికర్ర. చేష్టలంటే మెల్లగా నడవడం, తలనొప్పీ వాంతులూ మొదలైతే మొండికెయ్యకుండా దిగిపోవడం. ఈ నాలుగూ మన పనులు. వీటిని కూడా ఐదోవాడి నెత్తిన వేస్తే అది భక్తి కాదు, బద్ధకం.

అంతమాత్రాన ఐదోవాణ్ణి కొట్టిపారెయ్యడానికీ నాకు మనసు రాదు. దైవమంటే వేరే ఏమీ లేదు, మన పాత ప్రయత్నానికే మరో పేరు అని యోగవాసిష్ఠంలో వసిష్ఠుడు రాముడికి చెబుతాడు. వయసులో ఉండగా ఆ మాట నాకు చాలా నచ్చింది. కానీ 2013 జూన్‌లో ఉత్తరాఖండ్ వరదలు వచ్చాయి. గోవింద్‌ఘాట్ వంతెన కొట్టుకుపోయింది, హేమకుండం యాత్రికులు అవతలి గట్టున చిక్కుకుపోయారు. వాళ్ళూ తేదీలు చూసుకునే వచ్చారు. కేదారనాథ్ వైపు పోయినవాళ్ళు చాలామంది తిరిగే రాలేదు. తల్లి చెయ్యి పట్టుకుని వచ్చిన పిల్లవాడికి అది పాత ప్రయత్నపు ఫలమని చెప్పడానికి నాకు నోరు రాదు. గీతలో ఐదో కారణానికి వివరణ లేదు, లెక్కలో చోటు మాత్రం ఉంది. నాకు అదే నిజాయితీగా తోస్తుంది.

టైలరు ఊరుకోలేదు. తిరుమణి దగ్గర ఆయనకు మెట్ట చేను ఉంది. ఏళ్ళ తరబడి వేరుశనగ ఎండి నష్టపోయాడు. అక్కడ పదమూడు వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో కౌలు మొదలైంది. "వాన రాలేదని స్వామిని తిట్టుకున్నా. ఆ ఎండే ఇప్పుడు కూడు పెడతాంది. జరిగేటప్పుడు మనకేం తెలుస్తుంది మేష్ట్రే?" అన్నాడు. చేను లేక కూలికి పోయేవాళ్ళకు ఆ కౌలు రాదనీ, ఆ ఎండను ముందు ఎవరో కొలిచారనీ చెప్పాను. అయినా ఆయన మాటలో బలముంది. దైవం పని జరుగుతుండగా మనకు అర్థం కాదు.

గోవింద్‌ఘాట్ నుంచి హేమకుండానికి రోప్‌వే కట్టడానికి 2025 మార్చిలో కేంద్రం ఒప్పుకుంది. అది వస్తే కరణం మారుతుంది, ఎక్కే శ్రమ పోతుంది. గాలివాన వస్తే అదీ ఆగుతుంది.

చివరికి టైలరు కాగితం వెనక్కీ ముందుకూ తిప్పి, "ఇందులో ఐదోవాడికి చోటేదీ?" అని అడిగాడు. ఘాంగరియా తర్వాత రెండు ఖాళీ గడులు చూపించాను. ఆ రెండు రోజుల్లో ఏమీ రాయలేదు. వాన పడితే, దారి మూసేస్తే, ఒకరికి జ్వరమొస్తే అవి ఖర్చవుతాయి. మర్నాటికే తిరుగు రైలు టికెట్టు తీసుకున్నవాడు మబ్బు పట్టినా ఎక్కుతాడు, మూసిన దారి పక్కనుంచీ దూరి పోతాడు. దైవం మీద నమ్మకం లేనిది వాడికే. టైలరు తన తిరుగు టికెట్టును రెండు రోజుల తర్వాతకు మార్పించుకున్నాడు.

మాతో రాదలచిన పెద్దలు ముందు డాక్టరుకు గుండె, రక్తపోటు చూపించుకోండి. తిరుగు టికెట్టు తొందరపడి తీసుకోకండి. ఆదివారం తెల్లవారుజామున కోట కొండ కింద కలుద్దాం.