ఉనికీ హాజరీ

మా ఆపా కొడుకు బొర్రా స్టేషన్లో రైలు దిగీదిగగానే చేసిన మొదటి పని, ఫోన్ తీసి ఫేస్‌బుక్‌లో ‘బొర్రా గుహలు’ అని చెకిన్ పెట్టడం. గుహ ఇంకా చూడనేలేదు. “ఎవరికి చెప్తున్నావురా?” అంటే, “అందరికీ మామూ!” అన్నాడు. నవ్వొచ్చింది.

తెలుగులో ‘ఉనికి’ విచిత్రమైన మాట. ఉండటమూ అదే, ఉన్న చోటూ అదే. 2009లో అమెరికాలో పుట్టిన ఫోర్‌స్క్వేర్ ఆ రెంటినీ కలిపి ఆట చేసింది. ఒక చోటికి అందరికన్నా ఎక్కువసార్లు వెళ్లి నమోదు చేసుకుంటే ఆ చోటికి నువ్వే ‘మేయర్’వి. 2010లో ఫేస్‌బుక్కూ అదే దారి పట్టింది. 2011 కల్లా ఫోర్‌స్క్వేర్లో కోటిమంది చేరారు. ఎందుకంత మోజు? నేనూ ఉన్నాను, నన్నూ చూడండి అనే ఆకలి. దాన్ని నేను వెక్కిరించను. పేరు చెప్పగానే కిరాయి ఇంటి తలుపు మూసుకునే పట్నంలో బతికే కుర్రాడికి, ఒక అందమైన చోటు పక్కన తన పేరు కనపడితే ఎంత సంతోషమో నాకు తెలుసు.

కానీ ఆ మేయర్‌గిరీ సంగతేమిటి? ఇదే బొర్రా, అనంతగిరి కొండల్లో ఆదివాసీలు ‘మేమిక్కడున్నాం’ అని చెప్పుకోడానికి గనుల లీజుల మీద సుప్రీంకోర్టు దాకా పోవాల్సివచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో సర్కారు భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకివ్వకూడదని 1997లో సమత తీర్పు వచ్చింది. అప్పటిదాకా వాళ్లు ఉండీ లేనట్టే కదా!

ఇంకో రకం చెకిన్ ఉంది. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి రోజుకి రెండుసార్లు, లొకేషన్‌తో సహా, కూలీల ఫొటో తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే గడ్డపార పట్టిన చెయ్యి సాక్ష్యం కాదు. కూలి పోయిందని దేశంలో ఎన్నోచోట్ల మొత్తుకున్నారు. తెల్లదొరల కాలంలో స్టూవర్టుపురం ఎరుకలవాళ్లకి ‘నేరస్థ జాతి’ ముద్రవేసి హాజరు పలికించారు. అప్పుడు మనిషిని అనుమానించి, ఇప్పుడూ మనిషిని అనుమానించే.

మాట ఒక్కటే, ‘నేనిక్కడున్నాను’. ఒకడు ముచ్చటపడి చెప్తాడు. ఇంకొకడిచేత చెప్పిస్తారు. ముచ్చటపడ్డవాడు రేపు ఆ రెండో వరసలో నిలబడడని హామీ ఏముంది? నమాజు వేళలూ ఖిబ్లా దిక్కూ చెప్పే ‘ముస్లిం ప్రో’ యాప్ నుంచి జనం తిరిగే చోట్ల వివరాలు ఎక్స్-మోడ్ అనే కంపెనీకి చేరుతున్నాయనీ, అది అమెరికా సైన్యపు కాంట్రాక్టర్లకి అలాంటి సమాచారం అమ్ముతోందనీ 2020 నవంబరులో విలేఖరులు బయటపెట్టారు. ఇక ఇవ్వబోమని యాప్‌వాళ్లు చెప్పారు. అల్లా వైపు తిరగడానికి అడిగిన దిక్కు సైన్యానికి ఆనవాలైంది! ఎవర్నీ చూడమని అడగనివాణ్ణి కూడా ఎవరో చూస్తూనే ఉన్నారు.

అరకు లాడ్జిలో ఫజర్ వేళ మావాడు ఫోన్ చూసి “ఖిబ్లా ఇటు మామూ” అన్నాడు. దాన్ని కట్టెయ్యమన్నాను. కిటికీలోంచి తూర్పు తెల్లబడుతోంది. దానికి వీపుపెట్టి, కాస్త కుడికి తిరిగి, ఇద్దరం నిలబడ్డాం.