నొప్పి తగ్గించుకోవడం ఖర్మ తప్పించుకోవడమా?

పన్ను నొప్పి పగవాడికి కూడా రాకూడదంటారు. అందులోనూ జ్ఞానదంతం పెట్టే బాధ వేరు. 17 నుంచి 25 ఏళ్ల మధ్య, మిగతా పళ్లన్నీ ఎప్పుడో కుదురుకున్నాక, దవడ చివర చోటు చాలని చోట అది మొలుస్తుంది. నిటారుగా రాలేకపోతే పక్కకు వాలి ముందున్న పన్నును నెడుతుంది. సగం బయటపడి సగం చిగురు కింద ఉండిపోతే ఆ సందులో మెతుకులు ఇరుక్కుని చీము పడుతుంది. నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోదు. పోటు చెవిదాకా పాకుతుంది.

అలాంటి రాత్రి ఇంట్లో ముందు లవంగం వస్తుంది, తర్వాత గోరువెచ్చటి ఉప్పునీళ్లు, ఆపైన ఒక మాట: ‘‘చేసుకున్న ఖర్మ, అనుభవించక తప్పుతుందా?’’ అనేవాళ్లు జాలితోనే అంటారు. కానీ ఆ మాట వెనుక పెద్ద ప్రశ్నే ఉంది. బాధ పూర్వకర్మ ఫలమైతే దాన్ని సూదిమందుతో తప్పించుకోవడం ధర్మమేనా? అది బాకీ ఎగ్గొట్టడం అవుతుందా?

ఈ సందేహం మన దగ్గర మాత్రమే పుట్టలేదు. దాన్ని రేపిన మత్తుమందు చరిత్రలో ఒక జ్ఞానదంతం కూడా ఉంది. 1844 డిసెంబర్ 10న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో గార్డ్‌నర్ కోల్టన్ నవ్వు పుట్టించే వాయువుతో ఒక ప్రదర్శన ఇచ్చాడు. వాయువు పీల్చి గెంతులేసిన ఒక యువకుడి కాలికి గట్టి దెబ్బే తగిలింది. అతడు మాత్రం ఏమీ జరగనట్టు వచ్చి కూర్చున్నాడు. ప్రేక్షకుల్లో ఉన్న దంతవైద్యుడు హొరేస్ వెల్స్ అది గమనించాడు. మర్నాడే తాను కుర్చీలో కూర్చుని, ఆ వాయువు పీల్చి, తోటి దంతవైద్యుడు జాన్ రిగ్స్ చేత తన జ్ఞానదంతం పీకించుకున్నాడు. నొప్పి తెలియలేదు. ఆ పద్ధతికి వెల్స్ పేటెంట్ తీసుకోలేదు. 1845 జనవరిలో బోస్టన్‌లో వైద్యుల ముందు చేసి చూపించబోతే పన్ను పీకుతుండగా రోగి అరిచాడు. చూస్తున్నవాళ్లు మోసమని గేలిచేశారు. 1846 అక్టోబర్‌లో అదే నగరంలో విలియం మోర్టన్ ఈథర్ అనే మత్తుమందుతో నెగ్గాడు.

ఆ మరుసటి ఏడాది ఎడిన్‌బరో వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ కాన్పుల్లో క్లోరోఫాం వాడటం మొదలుపెట్టాడు. అభ్యంతరాలు మతం వైపు నుంచీ వచ్చాయి. ప్రసవవేదన హవ్వకు దేవుడు విధించినదని ఆదికాండం చెబుతుంటే, దాన్ని తీసేయడానికి మనిషెవరని అడిగారు. సింప్సన్ ఆ ఆక్షేపణలకు జవాబుగా ఏకంగా ఒక చిన్న పుస్తకమే అచ్చువేయించాడు. అందులో అదే ఆదికాండాన్ని సాక్ష్యానికి పిలిచాడు: ఆదాము పక్కటెముక తీసే ముందు దేవుడు అతడికి గాఢనిద్ర కలిగించాడు కదా! 1853లో విక్టోరియా రాణి కాన్పు సమయంలో క్లోరోఫాం తీసుకోవడంతో ఆ అభ్యంతరాల జోరు తగ్గింది. 1888, 1889లలో నిజాం ఖర్చుతో హైదరాబాద్‌లో క్లోరోఫాం కమిషన్లు కూర్చునేనాటికి ప్రశ్నే మారిపోయింది. నొప్పి తీయవచ్చా అన్నది పోయి, ప్రాణానికి ముప్పు రాకుండా ఎలా తీయాలన్నది ముందుకొచ్చింది.

ఇక మన వైపు కర్మవాదం సంగతి. దీని మీద చాలా స్పష్టమైన మాట బౌద్ధ గ్రంథం సంయుత్త నికాయంలో దొరుకుతుంది. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లేనని కొందరు అంటున్నారు, మీరేమంటారని మోళియ శివకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ని అడిగాడు. బుద్ధుడు వరసగా కారణాలు చెప్పాడు. పైత్యం, శ్లేష్మం, వాతం, మూడూ కలిసి ప్రకోపించడం, రుతువుల మార్పు, ఒంటిని సరిగా చూసుకోకపోవడం, బయటినుంచి తగిలే దెబ్బ, చివరగా కర్మఫలం. ఎనిమిదింటిలో కర్మ ఒకటి మాత్రమే. అన్నిటినీ కర్మ ఖాతాలోనే వేసేవాళ్లు తమ అనుభవాన్నీ, లోకం ఒప్పుకున్న సత్యాన్నీ దాటిపోతున్నారని ఆయన తేల్చాడు. దవడ పొడవు చాలక పన్ను అడ్డం తిరిగితే అందులో పాపం వెతకనక్కర్లేదని ఈ సంభాషణ చదివినవాళ్లకు తెలిసిపోతుంది.

ఆయుర్వేదం కూడా ఈ దారినే నడిచింది. చరక సంహిత విమానస్థానంలో ఆత్రేయుడు అగ్నివేశుడికి ఆయుష్షు గురించి చెబుతూ, అది దైవం మీదా పురుషకారం (మనిషి ప్రయత్నం) మీదా కూడా ఆధారపడుతుందంటాడు. అంతా ముందే నిర్ణయమై ఉంటే మందులెందుకు, శాంతులెందుకు అన్నది ఆయన తర్కం. సుశ్రుతుడు ఇంకా దగ్గరికి వస్తాడు. వాతం వల్ల అదనంగా ఒక పన్ను తీవ్రమైన నొప్పితో పుట్టుకొస్తుందనీ, పూర్తిగా మొలిచాక నొప్పి శమిస్తుందనీ చెప్పి ఆ బాధకు వర్ధనమని పేరు పెట్టాడు. అధికదంతాన్ని పెరికి అక్కడ వాత పెట్టమన్నాడు. కత్తి బాధ తెలియకుండా ఉండటానికి శస్త్రచికిత్సకు ముందు మద్యం ఇవ్వమని కూడా రాశాడు. ఎవరి కర్మ వాళ్లను అనుభవించనివ్వమని వైద్యుడికి ఆయన చెప్పలేదు.

అయినా ఎదుటి పక్షం వాదన తేలికైనది కాదు. శంకరుల పేర ప్రసిద్ధమైన వివేకచూడామణి తితిక్షను నిర్వచిస్తూ, ప్రతిక్రియ కోసం పాకులాడకుండా, దిగులూ ఏడుపూ లేకుండా దుఃఖాలను సహించడం అంటుంది. మందు వద్దన్నట్టే ఉంది కదా! అయితే ఆ ఉపదేశం ఎవరికన్నది చూడాలి. మోక్షం తప్ప మరేదీ వద్దనుకుని గురువును వెతుక్కుంటూ వచ్చిన సాధకుడికి, శమదమాలతో పాటు అలవరచుకోమని చెప్పిన గుణమది. అతడు తనకు తానుగా పట్టిన వ్రతం. పంటినొప్పితో పడుకోలేక కూర్చున్న డిగ్రీ కుర్రాడికి పక్కవాళ్లు విధించే నియమం కాదు. ఓర్పు గొప్పదే. ఎదుటివాడి ఒంటి మీద మనం మోపే ఓర్పు మాత్రం క్రూరత్వం.

రమణ మహర్షి చివరి రోజులు దీనికి నిదర్శనం. 1949లో ఆయన ఎడమ చేతికి కణితి లేచింది. ఏడాదిలో పలుమార్లు శస్త్రచికిత్స జరిగింది. చేయి తీసేయాలని వైద్యులు సూచిస్తే వద్దన్నారు. అలాగని వైద్యాన్ని తోసిపుచ్చనూ లేదు, వైద్యులూ భక్తులూ తమ ప్రయత్నం తాము చేస్తుంటే చేయనిచ్చారు. ఆ ఓర్పు ఆయన ఒంటికి సంబంధించినది. 1957 ఫిబ్రవరిలో పన్నెండో పయస్ పోప్ మత్తువైద్యుల ప్రశ్నలకు జవాబిస్తూ ఇదే గీత గీశారు. బాధను స్వచ్ఛందంగా స్వీకరించడం గొప్పదే కావచ్చు గానీ, నొప్పి తగ్గించుకోవడానికి క్రైస్తవుడికి అడ్డేమీ లేదన్నారు.

అసలు ఓర్పు కావలసింది పన్ను తీశాకే. కుర్చీలో ఉన్నంతసేపూ లిగ్నోకెయిన్ అనే సూదిమందు పెదవిని మొద్దుబారుస్తుంది. డ్రిల్లు చప్పుడు వినిపిస్తుంది, దవడ మీద ఒత్తిడి తెలుస్తుంది, నొప్పి మాత్రం ఉండదు. మొద్దు వదిలాక మొదలవుతుంది పరీక్ష. దూదిగుడ్డ కొరికిపట్టి అరగంట, ముప్పావుగంట కూర్చోవాలి. 24 గంటలు పుక్కిలించకూడదు, గట్టిగా ఉమ్మకూడదు, స్ట్రాతో పీల్చకూడదు. గుంతలో కట్టిన నెత్తుటి గడ్డే గాయానికి మూత. అది ఊడితే ఎముక బయటపడి, తీసిన రెండు మూడు రోజులకు భరించలేని పోట్లు మొదలవుతాయి. సిగరెట్టు ఆ ప్రమాదాన్ని పెంచుతుంది. వాపు రెండో మూడో రోజుకు బాగా పెరిగి తర్వాత తగ్గుతుంది. చల్లారిన రాగిజావ, మెత్తగా పిసికిన పెరుగన్నంతో వారం గడపాలి. వేళకు మాత్రలు వేసుకుంటూనే నాలుకను గుంతలోకి పోనివ్వకుండా, అద్దం ముందు గంటకోసారి దిగులుపడకుండా ఉండటం సామాన్య గృహస్థు చేయగల తితిక్ష. మందు దానికి అడ్డం రాదు.

అయితే చీము పట్టిన చిగురులో మాత్రం లిగ్నోకెయిన్ సరిగా పనిచేయదు. అక్కడ ఆమ్లత పెరిగి మందు నరంలోకి తగినంతగా దిగదు. ‘‘ఇంకా నొప్పిగా ఉంది డాక్టర్‌గారూ’’ అని రోగి చెయ్యెత్తితే అది పిరికితనం కాదు, అతడు నిజమే చెబుతున్నాడు. పరికరం పక్కన పెట్టి ఇంకో సూది వేయడమో, చీము తగ్గేదాకా మందులిచ్చి మరో రోజు రమ్మనడమో చేయాలి. కూడా వచ్చిన పెద్దలు సైతం ఆ నిమిషంలో ‘ఆమాత్రం ఓర్చుకోలేవా’ అనకుండా డాక్టరును ఆగమని అడగాలి.