మూడు ఫోటోలు కలిపిన జలపాతము సాక్ష్యమవుతుందా?



జలపాతమును ఒక్క ఫోటోలో సరిగా పట్టుట కష్టమని కెమెరా చేతబట్టిన వారందరూ ఒప్పుకుంటారు. కోవై కుట్రాలములో చూడండి. ఎండ తగిలిన నీళ్లు కళ్లు చెదిరేంత తెల్లగా ఉంటాయి. ప్రక్కనే తడిసిన బండలు, చెట్ల క్రింది నీడ నల్లగా ఉంటాయి. నీటికి తగినట్టు వెలుగు కుదిర్చితే బండలు బొగ్గవుతాయి. బండలకు తగినట్టు కుదిర్చితే నీళ్లు సున్నము కొట్టిన గోడ అవుతాయి.

గనుక మన పిల్లలు ఇప్పుడు ఏమి చేస్తున్నారంటే, కెమెరాను మూడుకాళ్ల స్టాండు మీద కదలకుండా నిలిపి, అదే చోటును మూడుసార్లు తీస్తున్నారు. మొదటిది 1/8 సెకను, రెండవది 1/2 సెకను, మూడవది 2 సెకనులు అనుకుందాము. మెట్టుమెట్టుకు వెలుగు 4 రెట్లు పెరుగుతుంది, అంటే మొదటిదానికంటె మూడవదానిలో 16 రెట్లు. దీనికి బ్రాకెటింగ్ అని పేరు. తరువాత కంప్యూటరులో నీళ్లను ఒకదానినుండి, బండలను ఒకదానినుండి, నీడలోని ఆకులను మరియొకదానినుండి తీసి ఒకే ఫోటోగా కలుపుతారు. ఐఫోనులో ఇటువంటి ఏర్పాటు 2010లోనే వచ్చింది. నేడు చాలా ఫోనులు మనల్ని అడగకుండానే ఆ పని చేసేస్తున్నాయి.

ఇది మోసము కాదా అని పెద్దలలో కొందరి ప్రశ్న. కన్ను చూసినదొకటి, ఫోటో చూపుతున్నదొకటి అని వారి వాదన. అయితే కన్ను కూడ అంతా ఒక్కసారిగా చూడదు. నీటిని చూసినప్పుడు కంటిపాప ముడుచుకుంటుంది, నీడను చూసినప్పుడు విచ్చుకుంటుంది. ఆ చూపులన్నిటినీ కలిపి మనస్సే ఒక దృశ్యము చేసుకుంటుంది. ఆ లెక్కన జలపాతము దగ్గర నిలిచినవాని జ్ఞాపకము కూడ అతుకులదే. పైగా 2 సెకనులు తీసిన ఒక్క ఫోటోలో నీళ్లు మన మిల్లులలో ఏకిన దూదివలె కనబడతాయి. అలా ఏ కన్నూ చూడలేదు. దానిని ఎవరూ మోసమనడము లేదు!

ఈ చిక్కు పాతదే. మధురలో 1636లో కట్టిన తిరుమల నాయకుని మహలును 1858లో లినియస్ ట్రైప్ అనే సైనికాధికారి ఫోటో తీశాడు. మన పూర్వులను ఈ నేలకు తెచ్చిన నాయక రాజుల గుర్తు గనుక ఆ ఫోటోలు మనకు విలువైనవి. ఆ రోజుల మందులు నీలిరంగుకు త్వరగా స్పందించేవి, ఆకాశము తెల్లబోయేది. అందుచేత ట్రైప్ తన నెగటివుల మీద రంగుతో మేఘాలు దిద్దేవాడు. ఫ్రాన్సులో గుస్తావ్ ల గ్రే 1856–57లలో సముద్రమునకొక నెగటివు, ఆకాశమునకొకటి తీసి ఒకే కాగితము మీద అచ్చువేశాడు. ఆయన ఫోటోలలో ఒకే మేఘాలు వేర్వేరు సముద్రాల మీద కనబడతాయి. అక్కడ మాత్రము మేము ఆగుతాము. ఆ సముద్రము నిజమే, ఆ మేఘాలూ నిజమే, అవి రెండూ కలిసి ఉండిన వేళ మాత్రము లేదు.

అంటే ముక్కలన్నీ నిజమైతే చాలదన్నమాట. 2003లో ఇరాకు యుద్ధమప్పుడు లాస్ ఏంజలెస్ టైమ్స్ పత్రిక ఫోటోగ్రాఫరొకరు బస్రా దగ్గర కొద్ది క్షణాల తేడాతో తీసిన రెండు ఫోటోలను ఒకటిగా కలిపాడు. ఒకదానిలో సైనికుడు చెయ్యెత్తిన తీరు బాగున్నది, మరొకదానిలో బిడ్డనెత్తుకొని వచ్చుచున్న మనిషి బాగున్నాడు. రెండూ ఒకే చోటివి, ఒకే గుంపువి. అయినను పత్రిక ఆయనను ఉద్యోగమునుండి తీసివేసింది. అది సబబే అని మా అభిప్రాయము. ఆ సైగకు ఆ మనిషికి లేని సంబంధమును చూచేవారు నమ్మారు. వెలుగు సరిదిద్దడము వేరు, జరిగినదానిని సరిదిద్దడము వేరు.

జలపాతములో జరుగుచున్నదేమిటి? నీళ్లు పడటమే. మూడు ఫోటోలలోను బండ కదలదు, నీరు మాత్రము ప్రతిసారి వేరే నీరు. జాగ్రత్తగల పిల్లలు నీటిని ఒకే ఫోటోనుండి తీసుకుంటారు. మూడింటిలోని ధారలను కలిపితే పాయలు ఎక్కువై, ఉన్నదానికంటె నిండుగా కనబడుతుందని వారే చెప్పారు. బండ చీకటిని ఎంత తొలగించినను మాకు అభ్యంతరము లేదు. ధారకు మరియొక ధార చేర్చితే మాత్రము అది వేరే జలపాతము.

ఇంత చిన్నదానికి ఇంత చర్చయా అనవచ్చును. అబద్ధ సాక్ష్యమును గూర్చిన ఆజ్ఞలో పొరుగువాడు ఉన్నాడు గనుక, ఈ ఫోటోకు పొరుగువాడెవడని మేము ఆలోచించాము. వేసవి సెలవులకు గుంటూరునుండి, ఒంగోలునుండి చుట్టాలు వస్తారు. గోడ మీద కుట్లాడంపట్టి జలపాతము ఫోటో చూచి పిల్లలు పట్టుబడతారు. మధురనుండి ముసలివారితో సహా బస్సెక్కి వెళ్తే, వానలు లేని ఆ రోజులలో బండ మీద తడి కోసము వెదుక్కోవలసి రావచ్చును. ఆ ఫోటోలో ఎన్ని ఫోటోలు కలిశాయని మేనల్లుడు అడగడు, ఏ నెలలో తీశావు మామయ్యా అని అడుగుతాడు. అందుకే మా సంఘపు యువకులకు చెప్పియున్నాము: కలిపిన ఫోటో వెనుక నెల, సంవత్సరము రాసిపెట్టండి, అసలు మూడింటిని చెరిపివేయకండి. ఇద్దరు ముగ్గురు ఇప్పటికే అలా చేస్తున్నారు.