పారవేసిన కొయ్య – పనివాని వెల

పాత ఇండ్లను పడగొట్టినపుడు దొరకిన కొయ్యతో చిత్రమైన బల్లలు చేయించి ఇంటి ముందు గదిలో నిలుపుట నేడు పట్టణములలో ఒక వాడుక అయినది. ఒకచోట తలుపు రెక్కయే బల్ల పలకగా మారును. మరియొకచోట దూలపు ముక్కలు బల్లకు కాళ్లగును. వాసములను సన్నని పట్టీలుగా కోసి, వేరు వేరు వన్నెల కొయ్యలను ప్రక్కప్రక్కన పొదిగి, ముగ్గు వలె కూర్చిన బల్లలును కలవు. చూచినవారు మెచ్చుకొందురు. చేయించినవారు “పొయ్యిలో పెట్టవలసిన కర్రను సద్వినియోగము చేసితిమి” అని సంతోషింతురు.

ఈ సంతోషము ఎంతవరకు న్యాయమైనది? ఇది నిజముగా పొదుపేనా, లేక ఆడంబరమునకు తొడిగిన పొదుపు ముసుగా? బల్ల చిన్న వస్తువే. అయినను వస్తువును, అవసరమును, ఒకరి శ్రమను ఏ కంట చూడవలెనను పెద్ద ప్రశ్న దానియందు ఇమిడి యున్నది.

మొదట కొయ్య సంగతి. తెలుగునాట పెంకుటిండ్లకును మండువా ఇండ్లకును టేకు, నల్లమద్ది, వేగిస, వేప మున్నగు కొయ్యలను వాడెడివారు. చెట్టు నడిమి ముదురు భాగమునకు చేవ యని పేరు. మనుష్యుని సత్తువకును తెలుగువారు ఆ మాటనే వాడుదురు. టేకు చేవలో సహజముగా ఉండు నూనె వంటి పదార్థముల వలన చెదలు దానిని త్వరగా అంటవు. ఇంటి కప్పు క్రింద ఏబది అరువది ఏండ్లు నిలిచిన దూలములోని పచ్చిదనము ఎన్నడో పోయి యుండును. వంగవలసినంత వంగి, పగులవలసినంత పగిలి, అది ఒక నిలుకడకు వచ్చి యుండును. సిమెంటు కప్పుల ఇండ్లు వచ్చిన పిదప దూలములకును వాసములకును పని లేకపోయినది. ఇల్లు పడగొట్టిన నాడు వానిలో కొంత పాత కర్ర దుకాణమునకు, కొంత పొయ్యిలోనికి పోవును. టేకు చెట్టు దూలమునకు తగినంత లావగుటకు దశాబ్దములు పట్టును. అట్టి దానిని ఒక్క పూటలో బూడిద చేయుట వ్యర్థమే. కావున పాత కొయ్యను మరల పనికి తెచ్చుట మంచిదను మాటలో సందేహము లేదు. ఎందులకు, ఎట్లు, ఎవరి ఖర్చుమీద అనునవే విచారింపవలసిన ప్రశ్నలు.

కొందరు ఇట్లు ఆక్షేపింతురు: కూర్చుండుటకు పీట కావలెను, వ్రాసికొనుటకు బల్ల కావలెను, అలంకారమునకై బల్ల ఎందులకు? పూలకుండ నిలుపుటకు తప్ప మరి దేనికిని ఉపయోగపడని వస్తువు పొదుపు ఎట్లగును? ఈ ఆక్షేపణము తోసివేయదగినది కాదు. అయినను అలంకారమంతయు దోషమే యనుటయు సరి కాదు. పాత ఇండ్లను చూడుడు. స్తంభముపై తామరపూవు చెక్కిరి. ఆ స్తంభము కప్పును మోసినది. ద్వారబంధముపై లత తీర్చిరి. ఆ ద్వారబంధము తలుపును నిలిపినది. అందము పనిని ఆశ్రయించి యుండెను. బరువు మోయు వస్తువునకు ఇంటివారు చేసిన మర్యాదయే ఆ చెక్కడము. దేనిని మోయని వస్తువుపై చెక్కడము ఇంటివారి గర్వమును మాత్రమే మోయును.

బల్ల అందముగా నుండవచ్చును. కాని దానిపై పిల్లవాడు పుస్తకము పెట్టి చదువగలుగవలెను. వచ్చిన అతిథి ముందు దానిపై పళ్లెము పెట్టగలుగవలెను. “తాకకుము, గీతలు పడును” అని పిల్లలను అదలించు బల్ల ఇంటికి యజమాని యగును గాని వస్తువు కాదు. ఇష్టలింగ పూజకు కావలెనని చెప్పుటకును వీలు లేదు. ఎడమ అరచేయియే పీఠమైన సంప్రదాయమున పూజ పేరు చెప్పి ఆడంబరమును సమర్థించుకొను అవకాశము గృహస్థునకు లేదు.

ఇక శ్రమ సంగతి. తుక్కు కర్ర అనగానే పని సులభమని పలువురు తలంతురు. వడ్రంగి నడిగిన నిజము తెలియును. పాత దూలములో మేకులు తుప్పుపట్టి, తలలు విరిగి, లోపలనే దాగి యుండును. ఒక్క మేకు తగిలిన రంపపు పండ్లు చెడును. యంత్రపు రంపమైనచో ఇనుప ముక్క ఎగిరి కంటికి తగులు ప్రమాదము కలదు. అందుచే అయస్కాంతముతో వెదకి, ఉలితో చుట్టును తొలిచి, పటకారుతో ఒక్కొక్క మేకును లాగవలెను. పిదప మన్ను, సున్నము, పాత రంగు గోకవలెను. ఇసుక రేణువులు మిగిలినచో చిత్రిక కత్తి మొద్దుబారును. ఏ రెండు ముక్కలును ఒకే మందము, ఒకే వెడల్పు కలవి కావు. ఒక్కొక్క దానిని చిత్రిక పట్టి, మూలమట్టముతో చూచి, ఒక కర్ర కొసను సన్నగా చెక్కి రెండవ కర్రలో తొలిచిన బెజ్జములో దించి బిగింపవలెను.

ఎంత పాతదైనను కొయ్య గాలిలోని తేమతో సంబంధమును తెంచుకొనదు. వానకాలమున తేమ పీల్చి వెడల్పున ఉబ్బును; ఎండకాలమున ముడుచుకొనును; పొడవు మాత్రము దాదాపు మారదు. ఈ సంగతి తెలిసిన పనివాడు పలకను చట్రమునకు నలువైపుల బిగింపక, అది కదలుటకు కొంత సందు విడుచును. తెలియనివాడు అంతట మేకులు దిగగొట్టును. కొలది కాలమునకే పలక చీలును. ఆ సందు చూచువారి కంటికి కనబడదు. అయినను బల్ల ఆయువు అందుమీదనే ఆధారపడి యున్నది. ఒక తరమువాడు మరియొక తరమువానికి చేతితో అందించిన విద్య అది.

ఇట్లు కొత్త కొయ్యతో చేసిన బల్లకన్న పాత కొయ్య బల్లకు చేతిపని ఎక్కువ పట్టును. కాని చేయించువారి మాట వేరు: “కర్ర మాదే, అదియు తుక్కు, కూలి తగ్గించుము.” ఈ ఒక్క మాటలోనే అసలు చిక్కు కలదు. కొయ్యకు వెల లేకపోవచ్చును. దానిని బల్లగా మార్చిన దినములకు వెల కలదు. తుక్కు అను మాట కొయ్యనుండి జారి, దానిని పట్టిన చేతికి అంటుట అన్యాయము.

వడ్రంగి నేటి స్థితిని కూడ యోచింపవలెను. కర్మాగారములలో చేసిన ప్లైవుడ్డును, కొయ్య పొట్టును జిగురుతో అదిమి చేసిన పలకలును వచ్చిన పిదప, చేతితో చక్కని అతుకు వేయగల పనివానికి పిలుపు తగ్గినది. ఇంటి కప్పునుండి దూలము తొలగినట్లే ఊరి పనులనుండి అతడును తొలగుచున్నాడు. తొలగిన దూలమును తెచ్చి, నునుపు చేసి, ముందు గదిలో నిలిపి గౌరవించువారు, దానిని నునుపు చేసిన చేతికి సగము కూలి యిచ్చుటలో ఎంతటి అసంగతము కలదు! వస్తువుమీద జాలి కలిగి మనుష్యునిమీద కలుగకపోయినచో ఆ జాలి కేవలము కంటి వేడుక.

కల్యాణపు శరణులలో బాచి కాయకపు బసవన్న యని ఒకడు కలడు. బాచి యను కన్నడపు మాటకు తెలుగున బాడిస యని అర్థము. వడ్రంగము ఆయన కాయకము. ఆయన భార్య కాళవ్వయు వచనములు చెప్పినది. పనిముట్టు పేరే తన పేరుగా నిలుపుకొన్న వానిని శరణులు తమతో సమానునిగా స్వీకరించిరి. కాయకమనగా పనిచేయుట మాత్రమే కాదు. పని న్యాయమైనది కావలెను. దానికి వచ్చు ప్రతిఫలము న్యాయమైనది కావలెను. ఆ ప్రతిఫలమునుండి దాసోహము సాగవలెను. పనివాని కూలి కోసి మిగిల్చిన ధనముతో దాసోహము చేసినచో, ఆ అన్నము ఎవరి సొమ్మని చెప్పవలెను?

శ్రమకు న్యాయము జరిగినను సత్యమునకు జరుగవలసిన న్యాయము మిగిలియే యుండును. పాత వస్తువునకు గిరాకి పెరిగిన కొలది పాతదనమును కల్పించువారును పుట్టుదురు. కొత్త కొయ్యను గొలుసులతో కొట్టి, తీగ కుంచెతో గీరి, రసాయనములతో నల్లబరచి “నూరేండ్ల తలుపు” అని అమ్ముట కలదు. పుచ్చిన భాగమును లప్పముతో నింపి, రంగు వేసి, గట్టి కర్రగా చూపుటయు కలదు. ఒకటి లేని వయస్సును కల్పించును, రెండవది ఉన్న లోపమును దాచును, రెండును అసత్యములే. మేకు ఉండిన చోటను, దాని చుట్టునున్న నల్లని మచ్చను ఉన్నదున్నట్లు విడిచినచో బల్లకు లోటు లేదు. ఇనుము కొయ్యలోని వగరుతో చేరినపుడు ఆ నలుపు పుట్టును. ఆ కొయ్య ఒకప్పుడు ఒక ఇంటిని మోసినదని అది సాక్ష్యమిచ్చును.

దాచరాని ప్రమాదములును కొన్ని కలవు. గృహములలో వాడు రంగులందు సీసము పది లక్షల పాళ్లలో 90 పాళ్లను మించరాదను నియమము 2016లో ప్రకటింపబడి, 2017 నవంబరునుండి అమలునకు వచ్చినది. అంతకు పూర్వపు తలుపుల రంగులో సీసము అధికముగా ఉండవచ్చును. దానిని పొడిగా గరుకు కాగితముతో రుద్దినచో ఆ ధూళి పనివాని ఊపిరిలోనికి పోవును, ఇంటి పిల్లల చేతులకు అంటును. సీసము పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేయును. రంగును తడిపి గోకుట, ముక్కునకు తగిన ముసుగు ధరించుట, ధూళిని తడిగుడ్డతో ఎత్తివేయుట తప్పనిసరి. రైలు పట్టాల క్రింద వేసిన కొయ్య దిమ్మెలకు క్రియోసోటు అను తారునూనె పట్టించెడివారు. అట్టి కొయ్య అన్నము పెట్టు బల్లకు తగదు. విదేశపు సరకుతో వచ్చు కొయ్య చట్రములపై ముద్రలుండును. హెచ్.టి. అని యున్నచో వేడి చేసి శుద్ధి చేసినదని అర్థము, ఎం.బి. అని యున్నచో మిథైల్ బ్రోమైడు అను విషవాయువు పట్టించినదని అర్థము. రెండవ దానిని విడుచుటయే మేలు. ముసుగు కొనుటకు అగు ఖర్చును పనివానిమీద వేయుట కూడ ఒక విధమైన కూలికోతయే.

చివరి ప్రశ్న హద్దును గూర్చినది. పారవేసినది గనుక ఎంతైన తీసికొనవచ్చునా? దీనికి ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథలో సమాధానము కలదు. నేల రాలిన బియ్యమును ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు ప్రతిదినము తెచ్చుదానికన్న ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ దానిని చూచి సంతసింపలేదు. అక్కరకు మించి తెచ్చుట ఆశకు దారియని, మిగిలినదానిని తీసిన చోటనే విడిచి రమ్మని భర్తను త్రిప్పి పంపెను. రాలిన గింజకును హద్దు కలదని ఆ ఇల్లాలి తీర్పు.

కొయ్య విషయమునను ఆ తీర్పు వర్తించును. పడగొట్టిన ఇంటి దగ్గర చిన్న చిన్న కర్ర ముక్కలను కూలివారు వంట చెరకునకు ఏరుకొని పోవుట చాల చోట్ల ఉన్నదే. వేడుకకై వానిని కూడ మూటగట్టి తెచ్చుకొన్నవారు ఒకరి పొయ్యిని చల్లార్చినవారగుదురు. గట్టిగా నిలిచిన తలుపును, అది పాతదగుటచే అందముగా నున్నదని, ఊడదీసి బల్ల చేయుట ఇంకను విపరీతము. అది తుక్కును కాపాడుట కాదు, తుక్కును పుట్టించుట.

మఠములును దేవాలయములును ఈ విషయమున మరింత జాగరూకతతో నుండవలెను. జీర్ణోద్ధారము జరుగునపుడు చెక్కడపు ద్వారబంధములు, పాత స్తంభములు, రథపు పలకలు తుక్కుగా లెక్కవేయబడి తేరగా పోవుట కలదు. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టము ప్రకారము నూరేండ్లకు తక్కువ కాని ప్రాచీనత గల చెక్కడపు వస్తువులు పురావస్తువుల లెక్కలోనికి వచ్చును. వాని వ్యాపారమునకు అనుమతి పత్రము కావలెను, వ్యక్తులు వానిని విదేశములకు పంపరాదు. చట్టము మాట అటుండగా, పదిమంది కాయకముతో ఏర్పడిన వస్తువు ఒక్కని ముందు గదిలో పూలకుండ క్రిందికి చేరుట ధర్మమేనా యని అధికారులు ముందుగా యోచింపవలెను.

పాత కొయ్యతో బల్ల చేయదలచిన గృహస్థు కొన్ని ప్రశ్నలు వేసికొనవలెను. ఈ కొయ్య నిజముగా పనిలేనిదేనా? దీనిని ఇచ్చినవారు మనఃపూర్వకముగా ఇచ్చిరా? ఈ బల్ల ఇంటిలో ఏ పని చేయును? దీని కథ ఉన్నదున్నట్లు చెప్పగలమా? పనివానికి దినములు లెక్కించి, తక్కువ చేయక, పని ముగిసిన నాడే కూలి ముట్టినదా? ఓపిక గలవారు స్వయముగా ఒక్క దూలమునుండి మేకులు ఊడదీసి చూచుట మంచిది. ఒక పూట ఆ పని చేసినవాడు వడ్రంగితో బేరమాడుటకు సిగ్గుపడును. ఆ సిగ్గు వానికి మేలు చేయును. వస్తువు వెనుకనున్న చేయి కనబడుటకు అదియే ఆరంభము.

పనికిరానిదని లోకము విడిచిన దానిలో చేవను గుర్తించుట గొప్ప గుణము. ఆ గుణము కొయ్య దగ్గరనే ఆగిపోరాదు. దూలములో చేవను చూచిన కన్ను, ప్రక్కనే ఉలి పట్టుకొని కూర్చున్న వానిలోను దానిని చూడవలెను.